ఎవరూ ముట్టుకోని మోకాలు

ఉద్యోగ విరమణ చేసినవాళ్లు తమ పని గురించి రాసుకుంటే దానికొక మర్యాద ఉంటుంది. శాలువా కప్పించుకుని, నెరిసిన జుట్టుతో, తీరిగ్గా కూర్చుని రాస్తారు. నాకు ముప్పై మూడేళ్లు. శాలువా ఎవరూ కప్పలేదు. అయినా నేను చేసిన పనిని మళ్లీ ముఖం చూడనంతగా వదిలేశాను కాబట్టి రాసే హక్కు నాకూ ఉందనుకుంటున్నాను. పాప నిద్రపోయాకే నాకు కలం చేతికొస్తుంది. మధ్యమధ్యలో లేచి దాని నుదురు ముట్టుకుని వస్తుంటాను. అక్కడక్కడా మాట తెగితే కారణం అదే.

నా పని పిల్లల నొప్పులు కొలవడం. కొలిచేది థర్మామీటరుతో కాదు, కాగితంతో. తలనొప్పి, కడుపునొప్పి, కాళ్ల నొప్పులు, కళ్లు తిరగడం, నీరసం, గుండె దడ, ఇలా పది ప్రశ్నలు. "గత రెండు వారాల్లో ఇది నిన్ను ఎంత బాధపెట్టింది?" అని అడగాలి. జవాబుకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. అన్నీ కూడితే ఆ పిల్ల బాధ ఎంతో తేలిపోతుందట. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఎమ్మే సైకాలజీ పూర్తిచేసి, ఒక ప్రాజెక్టులో చేరాను. నల్లగొండలో మా రామన్నపేట వైపు, పాలమూరులో మక్తల్, అచ్చంపేట వైపు బడులన్నీ ఈ కాగితాలు మోసుకుంటూ తిరిగాను.

ఈ పని వెనకాల ఒక మంచి ఆలోచన ఉంది. ఇంట్లో తండ్రి తాగొచ్చి కొడితే పిల్లకు కడుపులో నొప్పి రావచ్చు. పరీక్ష భయం తలనొప్పిగా రావచ్చు. ఒంట్లో ఏ రోగం లేకపోయినా ఆ నొప్పి నిజమే. దాన్ని ఎవరో ఒకరు పట్టించుకోవాలి. ఆ ఆలోచనను నేను వెక్కిరించను. నా వెక్కిరింతంతా మిగిలిన దాని మీద.

ఐదు మొహాలు

చదవడం రాని పిల్లల కోసం ప్రతి ప్రశ్న కింద ఐదు మొహాల బొమ్మలుండేవి. మొదటిది నవ్వుతుంటుంది, చివరిది ఏడుస్తుంటుంది. పిల్ల తన బాధకు సరిపడే మొహం మీద గీత పెట్టాలి. శిక్షణలో మాకు ఇదెంత శాస్త్రీయమో రెండు రోజులు చెప్పారు. భోజనం బాగా పెట్టారు.

రామన్నపేట దగ్గరి ఒక బడిలో హెడ్‌మాస్టరు పిల్లలను వరసగా కూర్చోబెట్టి నా ముందే పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఇగో, పట్నం నుంచి సర్వేకు వచ్చిన్రు. అందరు నవ్వే బొమ్మ మీదనే గీత పెట్టుర్రి. బడి పేరు పాడుజేసిన్రో, చూడుర్రి మరి."

అందరూ నవ్వే బొమ్మకే పెట్టారు. జ్వరంతో వణుకుతున్న పిల్ల కూడా.

మక్తల్ దగ్గరి బడిలో దానికి తలకిందులు. సర్వేలో కష్టాలు ఎక్కువగా తేలిన బడికి నీళ్ల ఫిల్టర్ వస్తుందని అక్కడెవరో చెప్పారు. సారు పిల్లలను బతిమాలుకుంటున్నాడు. "ఏడ్చే బొమ్మకు పెట్టుర్రి బిడ్డా. జర ఆలోచన జేయుర్రి. ఎండకాలమొస్తాంది."

వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. "సార్, ఫిల్టర్ కావాల్నంటే తలకాయ నొప్పికి పెట్టాల్నా, కడుపునొప్పికి పెట్టాల్నా?"

"అన్నిటికి పెట్టు. నీదేం పోతది?"

నేను రెండు బడుల్లోనూ జరిగింది జరిగినట్టు రాసి పంపాను. హైదరాబాదులో ప్రాజెక్టు నడిపే మా పెద్దసారు దాన్ని పక్కన పెట్టి అంకెలు తీసుకున్నాడు. నల్లగొండ పిల్లలకు తట్టుకునే శక్తి ఎక్కువనీ, పాలమూరు పిల్లల్లో కరువు, వలసల వల్ల శారీరక బాధ ఎక్కువనీ వ్యాసం రాశాడు. అది ఎక్కడో అచ్చయింది కూడా. మేమంతా చప్పట్లు కొట్టాం. నాకిప్పటికీ ఆ వ్యాసం గుర్తొస్తే ఆ హెడ్‌మాస్టరు, ఫిల్టరు సారు పక్కపక్కన కూర్చుని చాయ్ తాగుతున్నట్టు కనబడుతుంది. దాని అసలు రచయితలు వాళ్లిద్దరే.

రెండో ఆదివారం తర్వాతి సోమవారం

పెద్దసారు గురించి చెప్పాలి. పేరు అక్కర్లేదు. చెడ్డవాడు కాదు, దొంగ కాదు. జీతాలు సమయానికి వేయించేవాడు. పిల్లలంటే ప్రేమ అని ప్రతి మీటింగులో చెప్పేవాడు. ఒక్కటే లోపం, పిల్లలను చూసేవాడు కాదు. ఊళ్లకు వచ్చినా కారు దిగి హెడ్‌మాస్టరు గదిలో కొబ్బరినీళ్లు తాగి వెళ్లేవాడు.

అచ్చంపేట వైపు ఒక గురుకుల హాస్టలుకు సర్వే ఎప్పుడూ రెండో ఆదివారం మర్నాడే పెట్టేవాడు, ఎందుకంటే ప్రాజెక్టు జీపు నెల మొత్తంలో ఆ ఒక్క సోమవారమే ఖాళీ. గురుకులాల్లో రెండో ఆదివారం తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వస్తారు. తండాల నుంచి, అడవి అంచు ఊళ్ల నుంచి డబ్బాల్లో కోడికూర, సర్వపిండి, లడ్డూలు తెస్తారు. నెల రోజుల ఆకలి ఒక్క పూటలో తీర్చుకుని, సాయంత్రం గేటు దగ్గర వెక్కివెక్కి ఏడ్చి పిల్లలు లోపలికి పోతారు. మరుసటి పొద్దున మేం దిగి "కడుపునొప్పి ఎంత?" అని అడుగుతాం.

"మస్తున్నది మేడం," అంది ఒక చిన్నది, కడుపు పట్టుకుని.

"ఏం తిన్నవ్ నిన్న?"

"మా అవ్వ తెచ్చినయన్నీ తిన్న. దాస్తే పెద్దక్కలు గుంజుకుంటరు."

కాగితంలో కడుపునొప్పికి నాలుగు పడింది. "హాస్టలు పిల్లల్లో కడుపునొప్పి రూపంలో ఒంటరితనం" అని నివేదికలో ఒక అధ్యాయం వెలిసింది. సారూ, ఇంకో వారం పోయి అడుగుదాం అంటే, "జీపు ఎవరిస్తారమ్మా?" అన్నాడు. ఆ పిల్లల ఒంటరితనం నిజం కాదని అనను. అది మా కాగితానికి ఎక్కలేదని అంటున్నాను. ఎక్కింది కోడికూర.

బాగుందని చెప్పని తల్లులు

ప్రతి పిల్లకూ ఇంకో కాగితం ఉండేది, తల్లి కోసం. అవే ప్రశ్నలు. పిల్ల చెప్పినదానికి, తల్లి చెప్పినదానికి తేడా చూడాలి.

మా వైపు ఏ తల్లీ కొత్తమనిషి ముందు తన పిల్ల బాగుందని చెప్పదు. చెప్తే దిష్టి. నా చిన్నప్పుడు రెండోసారి అన్నం పెట్టించుకుంటున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంటికొచ్చిన చుట్టంతో మా అమ్మ, "ఏడ తింటది వదినా, మెతుకు ముట్టది," అనేది. ఆ చుట్టమూ నమ్మినట్టే తలూపేది. అది అబద్ధం కాదు, మర్యాదా కాదు. కాపలా. బిడ్డ చుట్టూ వేసే కంప.

ఇక నేను చేతిలో కాగితం, మెడలో గుర్తింపు కార్డుతో, ఊరికి కొత్తదాన్ని, "మీ బిడ్డ ఎట్లుంది?" అని అడిగితే ఏం చెప్తారు? మక్తల్ దగ్గరి ఊర్లో ఒకామె ఒళ్లో ఉన్న ఒకటో తరగతి పిల్లవాడు నా కార్డు తాడు పట్టుకుని లాగుతున్నాడు. విడిపించుకోవడానికి నాకు రెండు చేతులు కావాల్సి వచ్చింది.

"వీనికి నీరసముంటదా అక్కా?"

"అయ్యో, పాణమే లేదు మేడం వానికి. లేవనే లేవడు."

నేను పెద్దసారుకు ఇదంతా వివరించాను. ఎంత బాధ అని అడగొద్దు సార్, ఈ నొప్పితో పిల్ల తనకిష్టమైన పని ఏది మానేసింది అని అడుగుదాం, దానికి తల్లులు నిజం చెప్తారు, అన్నాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు.

"ప్రశ్నలు మార్చకూడదమ్మా. విదేశాల్లో పరీక్షించి పెట్టినవి. మనం ముట్టుకుంటే కొలత పాడవుతుంది."

వారం తర్వాత అందరికీ ఆదేశం వచ్చింది. తల్లి చెప్పిన మార్కులు పిల్ల చెప్పినదానికంటే ఎక్కువుంటే వాటిని సగానికి తగ్గించాలి. దానికి 'తల్లి సవరణ' అని పేరు కూడా పెట్టాడు. ప్రశ్నను ముట్టుకోకూడదు, జవాబును మాత్రం నిలువునా కోయొచ్చు. ఇంత చదువుకున్నవాళ్లకే ఇలాంటి ధైర్యం వస్తుంది.

రోజుకో కాలు

అఖిల నాకు పరిచయమయ్యే నాటికి కరోనాకు మూతపడ్డ బడులు తెరుచుకున్నాయి. నేను నాలుగో నెల గర్భంతో ఉన్నాను. మక్తల్ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. అఖిలకు పదేళ్లు. గొర్ల కాపరుల ఇల్లు. నాయిన మల్లేశం మందతో కృష్ణ ఒడ్డు పొలాలకు పోయాడు. అక్కడి రైతులు ఎరువు కోసం తమ చేలల్లో రాత్రిపూట మంద కట్టించుకుంటారు. కాపరులు నెలల తరబడి ఇంటికి రారు. ఇంటి దగ్గర గొర్రె పిల్లలతో తల్లి బాలమ్మ.

బడిలో అఖిల కాళ్ల నొప్పుల దగ్గర ఏడ్చే మొహానికి గీత పెట్టింది. నొక్కి, కాగితం చిరిగేలా పెట్టింది. టీచరమ్మ నా భుజం మీదుగా చూసి నవ్వింది.

"నాటకాలు మేడం. మొన్న కుడి మోకాలన్నది. నిన్న ఎడమ మడమన్నది. ఇయ్యాల్ల మళ్ల ఇంకోటి. రోజుకో కాలు. అబద్ధం గూడ సక్కగ చెప్పరాదు దీనికి."

అఖిల నేల చూసింది.

ఇంటికి వెళ్లాను. బాలమ్మ గొర్రె పిల్లకు సీసాతో పాలు పడుతోంది. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. అన్నిటికీ అందరు తల్లులూ చెప్పేదే చెప్పింది. తలనొప్పి మస్తు, కడుపునొప్పి మస్తు. కాళ్ల నొప్పుల దగ్గరికొచ్చేసరికి సీసా పక్కన పెట్టేసింది.

"మేడం, గిది మాత్రం నిజం."

"మిగిలినయి?"

"మిగిలినయి అందరు చెప్పేటియే. నీకు తెల్వదా, నువ్వేమన్న విదేశం నుంచి వచ్చినవా?" అని, కొంగుతో చేయి తుడుచుకుంది. "పొద్దుమాపు పిల్లకు బాగలేదు బాగలేదు అని ఊరంత చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడు కాలు సచ్చుబడ్డట్టు అయితాంది అంటె ఎవరు నమ్ముతరు? మా తోడికోడలే నవ్వుతాంది. రోజు చెప్పే మాటనే కదనె అంటది. నా కాడ ఇంకో మాట లేదు మేడం."

అఖిలను పిలిచాను. ఆమె గోడ పట్టుకుని వచ్చింది. మాకొక నియమం ఉండేది. పిల్లలను ముట్టుకోకూడదు, పరీక్షించకూడదు, మనం డాక్టర్లం కాదు. అంతకాలం ఉద్యోగంలో వేలాది కాళ్ల నొప్పులు కాగితానికి ఎక్కించాను, ఒక్క కాలునూ ముట్టుకోలేదు. ఆ రోజు లంగా పైకి జరిపి మోకాలు మీద చేయి పెట్టాను. ఉబ్బి, నునుపుగా మెరుస్తోంది. అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా వేడిగా ఉంది. రెండో మోకాలు చల్లగా ఉంది. దిగులు ఒక మోకాలినే వేడెక్కిస్తుందా? ఈ మాత్రం తెలియడానికి ఎమ్మే అక్కర్లేదు. చేయి ఉంటే చాలు.

"జరం వచ్చిందా అక్కా ఈ నడుమ?"

"నెల కింద గొంతునొప్పి, జరం. గోలీలేసినం, పోయింది. గప్పటి సంది నొప్పి గిట్ల తిరుగుతాంది. ఒక కాడ ఆగది."

పెద్దసారుకు ఫోన్ చేసి, పిల్లవీ తల్లివీ మార్కులు, టీచరమ్మ అన్న మాట చెప్పాను. ఆయన లెక్క ప్రకారం అఖిల కేసు అక్కడికక్కడే తేలిపోయింది. నొప్పి చోటు మారుతోంది, టీచరు నమ్మడం లేదు, తల్లి సవరణ తర్వాత తల్లి మార్కులు మామూలే. కాబట్టి ఇది మనసు నొప్పి. పాటల గుంపులో వేశాడు. వారానికొకసారి పిల్లలను కూర్చోబెట్టి పాటలు పాడించి, కథలు చెప్పించే గుంపు.

"సార్, మోకాలు వాచింది. దవాఖానకు తీసుకుపోవాలి."

"మీరెందుకు ముట్టుకున్నారు?"

"ముట్టుకున్నా సార్. వేడిగా ఉంది."

"చూడమ్మా సరితా, పాటల గుంపు ఇప్పుడే మొదలైంది. మధ్యలో మందులు వాడితే దేనివల్ల తగ్గిందో తేలదు. మూడు నెలల్లో రెండో విడత సర్వే ఉంది. అది కానివ్వండి. తర్వాత ఏ ఆసుపత్రికైనా పంపుకోండి." తర్వాత ఎంతో ప్రేమగా అన్నాడు. "ఈ టైంలో మీకు ప్రతిదీ భయంగానే ఉంటుంది. సహజం."

మూడు నెలలు. వాచిన కాలితో ఆ పిల్ల మూడు నెలలు పాటలు పాడాలి, ఆయన పట్టికలో ఒక గడి చెడిపోకుండా.

నేను ఫోన్ పెట్టేసి బాలమ్మతో, "రేపు పొద్దున పాలమూరు పోదాం అక్కా," అన్నాను.

"గీ పిల్లలను ఎవరు చూడాలె?" అంది గొర్రె పిల్లలను చూపిస్తూ. మళ్లీ తనే, "మా తోడికోడలు చూస్తది తియ్. నవ్విందానికి జుర్మానా," అంది.

పాటల గుంపు

జిల్లా దవాఖానలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది, నిద్రలేని కళ్లు. మోకాలు చూసింది, గొంతు గురించి అడిగింది, తర్వాత ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. బాలమ్మ నా చేయి పట్టుకుంది. ఇంకో గదిలో గుండెకు స్కానింగు చేయించారు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. పిల్లలకు గొంతు పాడై జ్వరం వచ్చి, సరిగ్గా తగ్గకపోతే, కొందరికి ఆ తర్వాత కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాస్తాయి. నొప్పి తిరగడమే ఆ జబ్బు గుర్తు. కీళ్లు కొన్నాళ్లకు వాటంతటవే సర్దుకుంటాయి, గుండె సర్దుకోదు. లోపలి కవాటం దెబ్బతింటుంది. అఖిలకు అప్పటికే కొంచెం లీకు మొదలైంది.

"ఇప్పటికైతే కొంచెమే. మూడు వారాలకొక పెన్సిలిన్ సూది, ఏండ్ల తరబడి. కాలు నొప్పి పోయింది కదా అని ఆపొద్దు. ఆపితే మళ్ల వస్తది, వచ్చినప్పుడల్ల గుండెను ఇంకింత తింటది. అర్థమైందా అమ్మా?"

"ఆపను," అంది బాలమ్మ.

డాక్టరమ్మ నా మెడలో కార్డు చూసింది. నా ఉద్యోగమేంటో చెప్పాను. "మీ దాంట్ల ఈ పాపకు ఎన్ని మార్కులొచ్చినయ్?" అని అడిగింది. ఎగతాళి చేస్తోందో, నిజంగా తెలుసుకోవాలనుకుంటోందో ఇప్పటికీ నాకు తెలియదు.

కొత్తగా ఈ పనిలో చేరేవాళ్లకు ఇక్కడే ఒక మాట. రోజుకో కాలు అన్న పిల్ల అబద్ధమాడుతోందని అందరం అనుకున్నాం, కానీ మా కాగితంలో నొప్పి ఎంత అనే ఉంది, నొప్పి ఎటు పోతోందని లేదు. కాగితం అడగని దాన్ని పిల్ల చెప్తుంటే వినండి. కాగితం చెప్పిందని మాత్రం ఏ పిల్లకూ రోగం లేదని అనకండి. ఆ మాట అనడానికి ఎవరో ఒకరు ముందు ఆ పిల్లను ముట్టుకుని చూసి ఉండాలి.

మందులతో అఖిల కీళ్లు కొద్ది రోజుల్లోనే చల్లబడ్డాయి. ఇంట్లో పడుకోబెట్టమన్నారు కాబట్టి చాలాకాలం బడికి రాలేదు. చివర్లో రెండుసార్లు వచ్చి పాటల గుంపులో కూర్చుంది. అప్పుడే నివేదిక కోసం ఎవరో ఫొటో తీశారు. నేను చికిత్స సంగతంతా రాసి, ఈ పాపను లెక్కలోంచి తీసేయండని పెద్దసారుకు పంపాను. రెండో విడతలో అఖిల అన్ని ప్రశ్నలకూ నవ్వే మొహం పెట్టింది. ఈసారి నిజంగానే.

తర్వాత బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. పెద్దసారు మొదటిసారి పిల్లల ముందుకొచ్చి మైకు పట్టుకున్నాడు. మల్లేశం కూడా మందతో తిరిగొచ్చి, తలకు రుమాలు చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పెద్దసారు అఖిలను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఈ పాప మూడు నెలల క్రితం నడవలేకపోయేది. ఏ జబ్బూ లేదు. మనసులో దిగులు, అంతే. పాటలు పాడింది, నొప్పి పోయింది. మా ప్రాజెక్టు మొత్తంలో అందరికంటే ఎక్కువ మార్పు వచ్చింది ఈ పాపలోనే!"

చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మల్లేశం.

నేను లేచి నిలబడ్డాను. అప్పటికి నాకు ఏడో నెల. "సార్, ఆ పాపకు గుండె జబ్బు. సూదులు వేయిస్తున్నారు కాబట్టి తగ్గింది. మీకు రాసి పంపాను."

ఆయన నవ్వాడు. మైకు దించలేదు. "సరిత గారు తల్లి కాబోతున్నారు. ఈ సమయంలో ఇలాంటి భయాలు ఉంటాయి. ఆమెకు కూడా పాటలు నేర్పిద్దాం."

బడంతా నవ్వింది. టీచరమ్మ నవ్వింది. పిల్లలు ఎందుకో తెలియకుండానే నవ్వారు. నా ముఖం మండిపోయింది, కానీ నేను చూస్తున్నది మల్లేశాన్ని. ఆయన కూడా నవ్వుతున్నాడు, ఒంటి మీది బరువు ఎవరో దించినట్టు. బిడ్డకు ఏ జబ్బూ లేదని పెద్ద మనిషి మైకులో చెప్తే ఏ తండ్రి నమ్మడు?

కార్డు తీసి టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. అదే నా పదవీ విరమణ.

ఏ జబ్బూ లేని పిల్లకు సూది

ఆ వారంలోనే అఖిల సూది ఉంది. ఉద్యోగం లేదు, జీపు లేదు. పాలమూరులోని అత్తగారింటి నుంచి మా ఆయనతో బండి మీద మక్తల్ దాకా దింపించుకుని, ఆటోలో ఆ ఊరికి పోయాను. మా అత్తమ్మ నన్ను బయల్దేరనివ్వనంత పని చేసింది. ఈ నెలల్లో ఆ గుంతల రోడ్ల మీద ఏం పని అని. నా భయం నాకూ ఉంది. కడుపు మీద చేయి తీయకుండానే పోయాను.

మల్లేశం వాకిట్లో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు, మర్యాదగానే. కానీ మాట ముందే సిద్ధం చేసుకున్నాడు.

"మేడం, నీకు దండం పెడ్త. మా పిల్లను పాలమూరుకు తోలుకపోయినవ్, కాదన. కని పెద్దసారు అందరి ముంగట చెప్పిండు గద, ఏం రోగం లేదని. పిల్ల ఉరుకుతాంది. ఇగ సూదులెందుకు? సూది ఏసిన దినం అది మొత్తుకునే మొత్తుకుడు మా గల్లీ అంత ఇనవడ్తది."

నేను కవాటం గురించి మొదలుపెట్టాను. బొమ్మ గీశాను కూడా, పుల్లతో నేల మీద. ఆయన వింటున్నట్టే తలూపుతున్నాడు. ఆ తలూపుడు నాకు తెలుసు, పెద్దసారు అచ్చం అలాగే తలూపేవాడు. గుమ్మంలో అఖిల నిలబడి వింటోంది. సూది తప్పేట్టుందని దాని కళ్లలో ఆశ. ఈ మనిషి ఇక్కడ కాదంటే ఇక కాదు. మళ్లీ గొంతునొప్పి వస్తుంది, మళ్లీ మోకాలు వాస్తుంది, అప్పటికి ఈయన మందతో ఊరు కాని ఊర్లో ఉంటాడు.

బాలమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతిలో గంప. దాన్ని నేల మీద పెట్టిన తీరుకే మల్లేశం బీడీ ఆర్పేశాడు.

"ఏమయ్యా, పోయిన వానకాలం గొర్లకు చిటుక రోగం సూదులేపిచ్చినవా లేదా?"

"ఏపిచ్చిన. అయితేంది?"

"గప్పుడు రోగమున్నదా మందకు?"

"లేకుండె. రాకుండ ఏపిస్తరు గద."

"ఒక్క గొర్రెన్న మొత్తుకున్నదా?"

"మొత్తుకోకుండ ఉంటయా? అన్ని మొత్తుకున్నయ్."

"గొర్రె మొత్తుకున్నా పట్టుకుని ఏపిస్తివి. బాగున్న గొర్రెకు ఏపిస్తివి. బిడ్డ మొత్తుకుంటదని బంద్ జేస్తవా? గొర్రెకున్న పాటి లేదా నా బిడ్డకు?"

"కని సారు చెప్పిండు గద," అన్నాడు మల్లేశం.

"గా సారుకు మైకున్నది, చెప్పిండు," అంది బాలమ్మ. "గా సారు పోయిండు గూడ. రేపు నీ బిడ్డకు దమ్ము రాకుంటె మైకు పట్టుకుని వస్తడా? పెన్సిలిన్ ఏసే డాక్టరమ్మ నీ బిడ్డ గుండెను చెవి పెట్టి ఇన్నది. ఆయన ఏమిన్నడు?"

"నన్నెందుకు తిడ్తవే? నాకేం తెలుసు?"

"తెల్వదనే చెప్తున్న."

మల్లేశం రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. గొర్ల దొడ్డి వైపు చూశాడు. అక్కడ నాకు చెప్పే పనేమీ మిగల్లేదు. నేల మీద గీసిన బొమ్మను కాలితో చెరిపేశాను.

"ఎన్ని గంటలకు పోవాలె?" అన్నాడు చివరకు.

గుమ్మంలో అఖిల ఏడుపు మొదలుపెట్టింది. "నాయినా, నువ్వు వద్దన్నవ్ గద!"

"నేనేం అనలే. మీ అమ్మ అననిస్తదా?"

మరుసటి పొద్దున దవాఖాన వరండాలో నేనూ ఉన్నాను, అక్కడికి చేరుకోవడానికి నాకు పెద్ద కారణమేమీ లేకపోయినా. మల్లేశం బిడ్డను లోపలి దాకా ఎత్తుకుని పోయి, నర్సమ్మ బయటికి పొమ్మంటే వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. బాలమ్మ లోపలే ఉంది. తలుపు మూశారు.

లోపలి నుంచి అఖిల ఒక్క అరుపు అరిచింది. మల్లేశం దిగ్గున లేచి తలుపు దాకా పోయి, ఆగి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఆ నొప్పి ఎంత అని ఎవరూ దాన్ని అడగలేదు. సూది పడింది.